నీట్ జువాలజీ: టెరోపస్, ట్రైగాన్‌ని పక్కపక్కన పెట్టి చదవండి

ఫ్రెండ్స్, యానిమల్ కింగ్‌డమ్ చాప్టర్‌లో ఒక్కో క్లాస్ విడివిడిగా బట్టీ పడితే చదివినంతసేపూ అన్నీ వచ్చినట్టే ఉంటాయి, ఆప్షన్స్‌లో కలిపి ఇచ్చేసరికి తికమక మొదలవుతుంది. నాకు బాగా పనిచేసిందేంటంటే అసలు పొంతనే లేని రెండు జంతువుల్ని తీసుకుని పోల్చుకుంటూ పోవడం. మొదట పట్టుకున్న జత టెరోపస్, ట్రైగాన్, అంటే పండ్లు తినే పెద్ద గబ్బిలం, స్టింగ్ రే అనే బల్లపరుపు చేప.

తేలికైనవి ముందు అయిపోతాయి: గబ్బిలం మమేలియా (క్షీరదాలు), నాలుగు గదుల గుండె, వెచ్చని రక్తం, ఊపిరితిత్తులు; రే కాండ్రిక్తిస్ (మృదులాస్థి చేపలు), రెండు గదుల గుండె, చల్లని రక్తం, మొప్పలు, ఎముక బదులు మృదులాస్థి. అసలు మెలిక వివిపారస్ (పిల్లల్ని కనేది) అన్న మాట దగ్గర ఉంది. పిల్లల్ని కనేవన్నీ క్షీరదాలే అని మైండ్‌లో ఫిక్స్ అయితే దెబ్బే, ఎందుకంటే స్టింగ్ రే కూడా పిల్లల్నే కంటుంది, ఇంటర్నల్ ఫెర్టిలైజేషన్ రెండింటిలోనూ ఉంది. అందుకే క్షీరదమా కాదా తేల్చాలంటే వెంట్రుకలు, పాలగ్రంథులు చూడాలి. ఇంకోటి, గబ్బిలాలన్నీ చెవులతోనే దారి వెతుక్కుంటాయని చాలామంది అనుకుంటారు గానీ టెరోపస్ కళ్ళు, వాసన మీదే ఆధారపడుతుంది.

వీలైతే ఒకసారి వైజాగ్ ఫిషింగ్ హార్బర్‌కి పొద్దున్నే వెళ్ళి రే ని తిరగేసి చూపించమనండి (తోక మీద ముల్లు విషం, చెయ్యి పెట్టొద్దు). నోరు కిందవైపు, దాని వెనకే రెండు పక్కలా ఐదేసి మొప్ప చీలికలు, వాటి మీద ఆపర్‌క్యులమ్ (మొప్పల మూత) లేదు, పైవైపు కళ్ళ వెనక రెండు రంధ్రాలు. మగదైతే తోక మొదట్లో వేళ్ళలాంటి క్లాస్పర్స్ (సంభోగానికి వాడే అవయవాలు) కూడా కనిపిస్తాయి. ఎన్‌సీఈఆర్‌టీలో నాలుగైదు లైన్లలో ఉన్నదంతా అక్కడే ఉంది, ఇక మర్చిపోవడం కష్టం. ఎయిర్ బ్లాడర్ (నీళ్ళలో తేలడానికి గాలి తిత్తి) లేదు కాబట్టి మునిగిపోకుండా ఈదుతూనే ఉండాలని బుక్‌లో ఉంటుంది కదా, నిజానికి రే హాయిగా అడుగున ఇసుకలో పడుకుంటుంది, ఆ పై రంధ్రాల్లోంచే నీళ్ళు లోపలికి తీసుకుంటుంది. ఎగ్జామ్‌లో మాత్రం బుక్ లైన్‌కే టిక్ పెట్టండి, తప్పుకి మైనస్ ఒకటి ఉంది.

ముల్లు ట్రైగాన్‌ది, కరెంటు టార్పీడోది (ఎలక్ట్రిక్ రే), ఈ రెండూ తారుమారు చేసి అడుగుతారు. ఇది అయ్యాక స్కోలియోడాన్‌తో (సొర చేప) డెల్ఫినస్ (డాల్ఫిన్), ఇక్తియోఫిస్‌తో (కాళ్ళు లేని ఉభయచరం) హిప్పోకాంపస్ (సీ హార్స్) ఇలాగే పెట్టుకుని చూడండి, డౌట్స్ ఉంటే అడగండి, తెలిసినంతవరకు చెప్తాను.