ఒక్క స్క్రూ కూడా విప్పలేదట

"కొన్నప్పటి నుంచి ఒక్క స్క్రూ కూడా విప్పలేదన్నా." పాత కీబోర్డు అమ్ముతున్నవాడు అన్న ఈ మాటే సాయంత్రం నుంచి బుర్రలో తిరుగుతోంది. 1984 నాటి రోలాండ్ జూనో-106 సింథసైజర్‌కి అది గొప్పెలా అవుతుంది? విప్పలేదంటే లోపలున్న ఆరు 80017ఏ చిప్పులూ పాతవేగా! ఒకేసారి ఆరు నోట్లు పలికించే ఆరు వాయిస్‌లుంటాయి; వాయిస్‌కి ఒకటి చొప్పున ధ్వని తీరు మార్చే ఫిల్టరూ, వాల్యూమూ చూసేవి అవే. వాటిమీద పోసిన రెసిన్ పాతబడేకొద్దీ కరెంటు లీకవుతుంది. ముందు చిటపటలు, తర్వాత ఆగకుండా మోగడం, చివరికి ఆ వాయిస్ మూగబోవడం.

వాడు పంపిన వీడియో చూస్తే ఇంకా చిరాకు. ధ్వనిని చిక్కగా చేసే కోరస్ ఎఫెక్ట్ వేసి, రెండు చేతులా ఒకేసారి నాలుగైదు నోట్లు కలిపి కార్డ్స్ వాయించాడు. అలా వాయిస్తే ఒక వాయిస్ పోయినా ఎవరికి తెలుస్తుంది? కోరస్ ఆపాలి. కీ ట్రాన్స్‌పోజ్ బటన్ నొక్కి పట్టుకుని పవర్ ఆన్ చేస్తే టెస్ట్ మోడ్ వస్తుంది. ఒక్కో కీ నొక్కుతుంటే ఏ వాయిస్ మోగుతోందో డిస్‌ప్లేలో నంబరు పడుతుంది. ఆరూ విడివిడిగా వినాలి. రెండు నిమిషాల పని, అదీ చెయ్యడు.

కోడంబాక్కం స్టూడియోలో ఆ పాత జూనో గుర్తొస్తోంది. ఒక నోటు పలకట్లేదని మెకానిక్ కీల కింద రబ్బరు కాంటాక్టులన్నీ తుడిచాడు. బిగించాక ఇంకో కీ పలకలేదు. మళ్ళీ విప్పాడు, మళ్ళీ తుడిచాడు. వాయిస్‌లు వంతులవారీగా వస్తాయి కాబట్టి మౌనం కీ మారుతూ తిరుగుతుంది. ఒకే కీ పలక్కపోతే కాంటాక్టు, మౌనం తిరుగుతుంటే చిప్పు. ఆ పూటంతా కీబోర్డుమీదే పోయింది, చిప్పుల జోలికి ఎవరూ వెళ్ళలేదు.

అందుకే మధ్యాహ్నం దాకా ఇంకో పాత సింథసైజర్, కోర్గ్ పాలీసిక్స్ తీసుకుందామనే ఉన్నాను. 1981ది, ఆరు వాయిస్‌లు, ఆ రెసిన్ గొడవ లేదు. కానీ దాని మెమరీ బ్యాటరీ కారితే కేఎల్ఎమ్-367 బోర్డుమీద రాగి గీతల్ని తినేస్తుంది. పైగా కంప్యూటర్‌తో, వేరే కీబోర్డులతో కలపడానికి మిడి లేదు. లేదు, జూనోనే. స్లైడర్లు గరగరమన్నా ఫరవాలేదు, చెన్నై గాలికి అది మామూలే, శుభ్రం చేసుకోవచ్చు.

విప్పి బాగు చేసినదైతే మేలనుకున్నాను గానీ, అదీ చేసిన చేతిని బట్టే. అసిటోన్‌లో నానబెట్టి రెసిన్ ఒలిచేటప్పుడు తొందరపడితే చిన్న భాగాలు ఊడొస్తాయి, చిప్పు పీకేటప్పుడు బోర్డుమీద టంకం వేసే రాగి ప్యాడ్లు లేస్తాయి. చిప్పులు కొత్తవి వేసినా సరే, వాయిస్ బోర్డు దగ్గరి ఫోటో చూడందే డబ్బివ్వను.

దీనికోసం హాల్లో మూల ఖాళీ చేయించానని అమ్మ కోపం ఇంకా తగ్గలేదు. రేపు ఫోటోతోపాటు వెనక వోల్టేజీ ప్లేటు కూడా అడగాలి. జపాన్‌లో అమ్మినదైతే 100 వోల్టులు. స్టెప్‌డౌన్ ట్రాన్స్‌ఫార్మర్ లేకుండా మన 230లో పెట్టకూడదు, ఆ ఖర్చూ ధరలో తగ్గించమనాలి.