రీల్స్ బదులు చీటీ

ఆవకాయ అమ్మడం మొదలుపెట్టినప్పుడు అందరూ రీల్స్ చెయ్యమన్నారు. కెమెరా ఆన్ కాగానే గొంతు తడారిపోయేది, ఆ టెన్షన్‌తో నిద్ర పట్టేది కాదు. రెండు నెలలకి మానేశాను. నాకు వచ్చింది రాయడం. అందుకే ప్రతి సీసాతో ఒక చీటీ పెడుతున్నాను: ముక్క కొత్తపల్లి కొబ్బరి మామిడిది, కారం గుంటూరుది, నూనె నువ్వులది, ఫలానా రోజు కలిపాను, మూడో రోజు తిరగకలిపాను, ఉప్పు సరిపోయిందో లేదో చెప్పండి అని. కింద ఎర్ర పెన్నుతో, తడి గరిటె పెట్టొద్దని. (అది మాత్రం మా అమ్మ మాట.)

మొన్న ఒకావిడ ఫోన్ చేశారు. "నీ చీటీ ఫ్రిజ్ మీద అంటించానమ్మా. మా చెల్లెలికీ రెండు కిలోలు పంపు" అన్నారు. పావుగంట మాట్లాడుకున్నాం. నా గొంతు ఒక్కసారి కూడా తడబడలేదు. ఫోన్ పెట్టేశాక ఎంత సంతోషమేసిందో! చెల్లెలి గారి చీటీ ఇప్పుడే రాస్తున్నాను.