ఐదు మార్కులు, ఒక చేపముల్లు

బుధవారం. రాత్రి పదకొండు కావస్తోంది. రూమ్మేట్ నిద్రపోయింది, టేబుల్ లైటు మీద చున్నీ కప్పి రాస్తున్నాను.

పొద్దున్నే ఒక స్ప్లింట్ పాడుచేశాను. కొత్తదేం కాదు, మణికట్టు వాలిపోయినవాళ్లకి వేసే కాక్-అప్ స్ప్లింట్. బీఓటీ అంటే ఆక్యుపేషనల్ థెరపీ డిగ్రీ, జబ్బుపడ్డ మనిషి తన రోజువారీ పనులు మళ్లీ తనే చేసుకునేలా చేసే వైద్యం. దాని ఇంటర్న్‌షిప్‌లో ఇలాంటివి లెక్కలేనన్ని చేశాను. ఈరోజు మూడో సంవత్సరం జూనియర్లకి చేసి చూపించమన్నారు. థర్మోప్లాస్టిక్ షీటు వేడినీళ్లలో అప్పడాల పిండిలా మెత్తబడగానే తీసి, తుడిచి, చేతి మీద పరిచి, గట్టిపడేలోపు ఆకారం తెచ్చెయ్యాలి. ఉండేది కొద్ది నిమిషాలే. నేనేమో టీచర్ని అయిపోయానన్న ఉత్సాహంలో మాట్లాడుతూ కూర్చున్నాను. అరచేతిలో వేళ్ల మొదట్లో అడ్డంగా ఒక గీత ఉంటుంది, చెయ్యి చూసి జాతకం చెప్పేవాళ్లు హృదయరేఖ అంటారే, అదే. స్ప్లింట్ అంచు ఆ గీతకి కిందే ఆగాలి, దాటిందంటే పిడికిలి పడదు. ఎవరి చేతి మీద చేస్తున్నానో ఆ అమ్మాయే అంది, "అక్కా, వేళ్లు ముడుచుకోవట్లేదు" అని. మళ్లీ వేడిచేసి సాగదీస్తే మధ్యలో పలచబడి కూర్చుంది. ఒక షీటు ముక్క దండగ. జూనియర్లు మాత్రం ఆ గీతని ఇక జన్మలో మర్చిపోరు.

ఇప్పుడు చదువుతున్న ఎంఓటీ, అంటే అందులోనే పీజీ, మొదటి సంవత్సరం సగానికొచ్చింది. రెండేళ్ల కోర్సులో క్లాసులు, పేషెంట్లు, జూనియర్లకి నేర్పించడం, థీసిస్ అన్నీ ఒకదాని మీద ఒకటి పడుతుంటాయి. వచ్చే నెల సినాప్సిస్, అంటే థీసిస్‌లో ఏం చేస్తానో చెప్పే చిన్న ప్లాను, ఇవ్వాలి, టాపిక్ ఇంకా తేలలేదు. ఊళ్లో ఎవరైనా అడిగితే అమ్మ "మా పాప చెన్నైలో ఓటీ చదువుతోంది" అంటుంది. వాళ్లు ఆపరేషన్ థియేటర్ అనుకుని తృప్తిపడతారు. నేనూ సరిదిద్దడం మానేశాను.

అసలు రాయాలనుకున్నది పెదనాయన గురించి.

చెన్నైలో నాకు దొరికిన అదనపు ఉద్యోగం దుబాసీ పని. నెల్లూరు, గూడూరు, నాయుడుపేట వైపు నుంచి వచ్చే పేషెంట్లు తెలుగు తప్ప మాట్లాడరు, మా డిపార్ట్‌మెంట్‌లో తెలుగొచ్చింది నాకూ ఒక అటెండర్‌కీ. అలా నా చేతికొచ్చిన పేషెంటే ఈయన, పెదనాయనా అని పిలుస్తాను, వాళ్లావిడని పెద్దమ్మా అని. వయసు అరవై దాటింది. పక్షవాతం వచ్చి మూడు నెలలు, కుడిపక్క. కాలు బాగానే తిరిగింది, కర్రతో నడుస్తాడు. చెయ్యి ఇంకా రాలేదు. వేళ్లు కొంచెం ముడుస్తాడు, తెరవడమే కష్టం. పెద్దమ్మా ఆయనా ఆస్పత్రి వెనక సందులో రూము తీసుకున్నారు. ఒక గ్యాస్ స్టవ్వు, రెండు గిన్నెలు, అంతే సంసారం.

పోయిన వారం బార్తెల్ ఇండెక్స్ వేశాను. 1965లో అమెరికాలో మహోనీ అనే డాక్టరు, బార్తెల్ అనే ఫిజియోథెరపిస్టు కలిసి అచ్చువేయించిన స్కేలు అది. తినడం, స్నానం, మెట్లెక్కడం, ఇలా పది పనులు, మొత్తం నూరు మార్కులు. తినడానికి పది. తనంతట తను తింటే పది, సాయం కావాలంటే ఐదు, అసలు లేకపోతే సున్నా. ఐదు మార్కులకి అందులో ఇచ్చిన ఉదాహరణ ఏమిటంటే, ముక్కలు కోసుకోవడానికీ వెన్న రాసుకోవడానికీ సాయం కావాలి అని. నేను పెదనాయన ఎడంచేతికి స్పూన్ ఇచ్చి ఉప్మా పెట్టాను. నాలుగు స్పూన్లు తిన్నాడు, గిన్నె నేను పట్టుకున్నాను. ఐదు వేసేశాను.

ఈరోజు మధ్యాహ్నం కేస్ ప్రెజెంటేషన్. మేడమ్ షీటు తిప్పి అక్కడే ఆగారు.

"ఆయన రూములో ఎలా తింటున్నాడు?"

నాకు తెలియదు. అడగలేదు. మేడమ్ ముందే పెద్దమ్మకి ఫోన్ చేశాను. "నేనే కలిపి పెడతా ఉండాను పాపా. తలుపేసుకోమంటాడు. ఎడం చేత్తో తినమంటే పళ్లెం అవతలికి నెట్టేస్తాడు" అంది. తమిళంలోకి మార్చి చెప్పడానికి నాకు గొంతు రాలేదు.

మేడమ్ పెద్దగా ఏం అనలేదు. మనిషి చేయగలిగింది కాదు, రోజూ చేస్తున్నది రాసే స్కేలు ఇది అని, ఐదు కొట్టేసి సున్నా వేశారు. తర్వాత నవ్వి, "వెన్న సంగతి వదిలెయ్, మీ నెల్లూరువాళ్లు ఏం తింటారు?" అన్నారు.

సిగ్గేసింది నిజంగా. డెబ్భై ఏళ్లకి పైగా ఉన్న చదువు ఇది మన దేశంలో. కమలా నింబ్కర్ అనే ఆవిడ, పుట్టింది అమెరికాలో, పెళ్లి చేసుకుని ఇక్కడికొచ్చి, 1950లో బొంబాయి కేఈఎం ఆస్పత్రిలో మొదటి ఓటీ స్కూలు పెట్టారు. 1952లో ప్రపంచ సమాఖ్య ఏర్పడినప్పుడు మొదట చేరిన పది దేశాల్లో మనదీ ఒకటి. ఇవన్నీ వైవాలో గడగడా చెప్పగలను. ఎదురుగా కూర్చున్న మనిషి అన్నం ఎలా తింటున్నాడో మాత్రం అడగలేదు. ఆయన ఇంట్లో జన్మలో ఎవరూ స్పూన్‌తో అన్నం తిని ఉండరని నాకు తెలీదా? మా ఇంట్లో మాత్రం తింటామా?

సాయంత్రం మళ్లీ వెళ్లి కూర్చున్నాను. ఈసారి సీఓపీఎం అడిగాను. కెనడావాళ్లు చేసిన పద్ధతి అది, ఏం కావాలో పేషెంటే చెప్పాలి, అది ఎంత ముఖ్యమో ఒకటి నుంచి పదిలోపు తనే అంకె వేసుకోవాలి. పెదనాయన చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత, "చేపల పులుసు తినాల. ముల్లు నేనే తీసుకోని తినాల" అన్నాడు.

ఎంత ముఖ్యం పెదనాయనా, అంటే "పది. పదికి పైన లేదా?" అన్నాడు.

ఇప్పుడు చేస్తున్నది ఎంత అంటే ఒకటి. తృప్తి కూడా ఒకటే. పెద్దమ్మ పక్కనుంచి, "మూడు నెల్లయింది చేప వండి. ముల్లు నేను తీసి పెడితే అది చేపేనా అంటాడు" అంది.

ముల్లు తియ్యడం మామూలు పని కాదు. బొటనవేలు, చూపుడువేలు కొసలు కలవాలి, చూడకుండానే మెత్తని కండలో గట్టిగా తగిలేదేదో వేలికి తెలియాలి. పెదనాయనకి వేలికొసల్లో స్పర్శ సగమే ఉంది. కళ్లు మూసుకోమని చేతిలో రూపాయి బిళ్ల, తాళంచెవి పెడితే ఏది ఏదో చెప్పలేకపోయాడు. మింగడం బాగానే ఉందని స్పీచ్ థెరపిస్టు రాశారు, అదొక్కటే ధైర్యం. కాబట్టి ముల్లు ఇప్పుడప్పుడే కాదు, ముందు ముద్ద. ఆ మాట చెబితే ఆయన మొహం ముడుచుకుంది గానీ, సరేనన్నట్టు తలూపాడు.

రాత్రి మెస్‌లో ఫోన్‌ని నీళ్ల జగ్గుకి ఆనించి నా చేతిని నేనే వీడియో తీసుకున్నాను. ఎదురు బల్ల మీదివాళ్లు రీల్ అనుకున్నారు, ఒకమ్మాయి జుట్టు కూడా సర్దుకుంది. వచ్చి స్లోమోషన్‌లో చూస్తున్నాను. అన్నం కలిపేటప్పుడు అరచెయ్యి కిందికి తిరిగి ఉంటుంది, వేళ్లు నాలుగూ ఒకేసారి వంగి లాగుతాయి. ముద్ద కట్టేటప్పుడు బొటనవేలు వచ్చి ఎదురు నిలబడుతుంది. నోటి దగ్గరికి తెచ్చేటప్పుడు మోచెయ్యి మడుస్తూ ముంజేతిని కొంచెం పైకి తిప్పుతాం. ఇంతవరకూ తెలిసిందే. చివర్లో ముద్దని నోట్లోకి తోసేది బొటనవేలు! వెనకనుంచి తోస్తుంది, తక్కిన వేళ్లు దోనెలా నిలబడతాయి. రోజుకి మూడుపూటలా ఇరవై నాలుగేళ్లుగా చేస్తూ ఈరోజు చూశాను. స్పూన్‌తో తింటే ఈ బొటనవేలి పనే లేదు. నేను రాసుకున్న ప్లాన్‌లో పుట్టీ పిసకడం, పెగ్గులు గుచ్చడం, శంకువులు పేర్చడం ఉన్నాయి. ఈ తోసే కదలిక ఎక్కడా లేదు.

ఇంకోటి కూడా తట్టింది. గ్రేడింగ్ అంటాం మేము, పనిని తేలిక నుంచి కష్టానికి మెట్లుగా పేర్చుకోవడం. అన్నానికే అది వేసి చూశాను. అన్నిటికన్నా తేలిక ముద్దపప్పు అన్నం, దగ్గరగా అంటుకుంటుంది. తర్వాత గట్టి పెరుగన్నం. తర్వాత సాంబారు, అందులో ములక్కాడ లేకుండా. రసం అన్నం చాలా దూరం, మంచి చేతికే వేళ్ల సందుల్లోంచి కారుతుంది. ఆ పైన పచ్చడి అన్నం, చూడటానికి తేలికే గానీ పచ్చడి కొంచెం కొంచెంగా అద్దుకుంటూ కలపడం వేరే విద్య. అన్నిటికీ చివర చేపల పులుసు. ముందు వేళ్లు తెరవడానికి వేడినీళ్ల గుడ్డ, కాసేపు సాగదియ్యడం. ఎడంచెయ్యి కుడి మణికట్టు కింద ఆసరాగా పట్టుకోవచ్చు, అది ఎడం చేత్తో తిన్నట్టు కాదని పెదనాయనని ఒప్పించాలి. పళ్లెం జారకుండా కింద తడిగుడ్డ, అంచు నిలువుగా ఉన్న స్టీలు పళ్లెం. అది పెద్దమ్మ దగ్గర ఉంది, చూశాను.

ఇది సినాప్సిస్‌కి టాపిక్ అవుతుందా అని మేడమ్‌కి మెసేజ్ పెట్టాను. రెండు నీలం టిక్కులు వచ్చాయి, జవాబు రాలేదు.

ఇందాక పెద్దమ్మకి ఫోన్ చేసి, రేపు పన్నెండింటికి ముద్దపప్పు అన్నం డబ్బాలో తెమ్మన్నాను. పప్పు బాగా గట్టిగా ఉండాలి, నెయ్యి వెయ్యొద్దు, జారుతుంది అని చెప్పాను.

"నెయ్యి లేకుండా ముద్దపప్పేంది పాపా? ఆయన ముట్టను కూడా ముట్టడు."

కాసేపు వాదించాను. చివరికి అర చెంచాకి ఒప్పందం కుదిరింది.