మామ మిద్దె మీది సోలార్ పలక వాలు

ఫోటో మీద కోణమాని పెట్టి కొలిచేవాళ్లను చూస్తే నాకు చిరాకు. 13 డిగ్రీల వాలును సరిగ్గా పక్కనుంచి కాకుండా 45 డిగ్రీలు జరిగి, దూరం నుంచి తీస్తే ఫోటోలో 18 కనిపిస్తుంది. అడ్డం కొలత కుదించుకుపోతుంది, ఎత్తు మాత్రం అట్లే ఉంటుంది మరి.

చిత్తూరులో మా మామ మిద్దె మీద సోలార్ పెట్టించినాడు. బిగించినవాళ్లు 13 డిగ్రీలన్నారంట. పలకల వాలు సుమారుగా ఊరి అక్షాంశమంత పెడతారు, ఆ ఊరిది కూడా సుమారు అంతే, కాబట్టి మాట బాగానే ఉంది. "తిరుపతిలో కూర్చోని కంప్యూటర్‌తో ఏందేందో చేస్తావంట గదా, ఫోటో చూసి చెప్పబ్బా" అన్నాడు.

వాట్సాప్‌లో మామూలుగా పంపితే సైజు తగ్గిపోతుంది, డాక్యుమెంటుగా పంపమన్నా. అంచులు కత్తిరించొద్దని కూడా చెప్పినా. కత్తిరిస్తే ఫోటో నడిమధ్య లెన్సు నడిమధ్యకు దూరమైపోతుంది, లెక్కంతా దాని మీదే.

పలక దీర్ఘచతురస్రం. దాని ఎదురెదురు అంచులను ఫోటోలో పొడిగిస్తే, రైలు పట్టాల మాదిరి, ఎక్కడో కలుస్తాయి. రెండు జతలకు రెండు బిందువులు. ఆ రెండు దిక్కులూ ఒకదానికొకటి లంబం అన్న ఒక్క షరతుతోనే ఫోకల్ లెంగ్త్, అంటే లెన్సుకూ ఫోటో పడే తలానికీ మధ్య దూరం, పిక్సెళ్లలో దొరుకుతుంది. (చదరంగం గళ్ల కాగితంతో, జెంగ్‌యూ జాంగ్ అనే పరిశోధకుడు 2000లో ప్రచురించిన పద్ధతిలో చేస్తే ఇంకా నమ్మకం. మామతో అది చేయించడం నావల్ల కాదు.) ఇక ప్రతి పిక్సెలూ కెమెరా నుంచి బయల్దేరే ఒక కిరణం. కోణం కొలవాల్సింది ఆ కిరణాల మధ్య, ఫోటోలోని గీతల మధ్య కాదు.

ఆ రెండు బిందువుల వైపు పోయే కిరణాలే పలక అంచుల దిక్కులు. అట్లా పలక ఎటు తిరిగిందో తేలింది, ఇక నిట్టనిలువు ఏదో తేలాల. మిద్దె నేలను నమ్మలేం, వాననీళ్లు పోయేదానికి దానికే వాలు పెడతారు. అందుకే ముందే బట్టలారేసే తీగకు రెండు దారాలు ఎడంగా కట్టి, ఇనుప గుండ్లు వేలాడదీసి, ఫోన్ కొంచెం కిందికి వంచి తీయమన్నా. ఫోటోలో ఆ దారాలను పొడిగిస్తే కలిసే బిందువు వైపు పోయే కిరణమే నిలువు దిక్కు.

11.8 డిగ్రీలొచ్చింది. టేపు పట్టమన్నా: పలక పొడవు 2278 మిల్లీమీటర్లు, పై అంచు కింది అంచు కంటే 450 ఎత్తు. అంటే 11.4. నిజంగా 13 ఉంటే ఆ ఎత్తు 512 రావాల.

మామ వాళ్లతో కొట్లాటకు లేచినాడు. ఆ ఒకటిన్నర డిగ్రీకి కరెంటు పెద్దగా తగ్గదు మామా, ఊరుకో అన్నా. అదే ఫోటోలో నీళ్ల ట్యాంకు నీడ ఒక పలక మీద మూలకు పడుతోంది. ముందు దాన్ని జరిపించమని చెప్పినా.