క్యాంపస్ చెత్తకు అసలు గండం సాంబారే

రీసైక్లింగ్ అనగానే కాలేజీల్లో ముందు రంగుల డబ్బాలు కొంటారు. ఆకుపచ్చదొకటి, నీలందొకటి, పక్కన నిలబడి ఒక ఫొటో. కొన్నాళ్లకు చూస్తే రెండింట్లోనూ ఒకటే సరుకు: టీ కప్పులు, అన్నం, జిరాక్స్ కాగితాలు, బిర్యానీ డబ్బాలు. పొడి చెత్తకు తడి అంటిందంటే దానికి ధర పోయినట్టే. ధర లేనిదాన్ని పాత సామాన్లవాళ్లు ఎత్తరు. ఎత్తనిది వెనక ప్రహరీ దగ్గర తగలబడుతుంది.

నల్లగొండ మహాత్మాగాంధీ విశ్వవిద్యాలయం 2007లో, మహబూబ్‌నగర్ పాలమూరు విశ్వవిద్యాలయం 2008లో వచ్చాయి. అంత పెద్ద ఆవరణలో హాస్టళ్లు, మెస్, ల్యాబులు, పరీక్షల విభాగం అన్నీ ఉంటాయి. రోజుకు సగటున 100 కిలోలు దాటితే పెద్ద మొత్తంలో చెత్త పుట్టించే సంస్థగా లెక్క అని 2016 నాటి ఘన వ్యర్థాల నియమాలే చెప్పాయి. వీలైనంత వరకు తడి చెత్తను ఆవరణలోనే ఎరువుగానో గ్యాసుగానో మార్చుకోవాలనీ చెప్పాయి. మన క్యాంపస్ ఆ గీతకు ఇవతలో అవతలో తేలాలంటే ఒక వారం తూకం వేయాలి. పరీక్షల వారం, పండగ వారం వద్దు. మెస్‌లో కూరగాయల తొక్కలు వేరుగా, పళ్లేల్లో మిగిలింది వేరుగా తూయండి. తొక్కలు ఎలాగూ వస్తాయి. పళ్లెంలో మిగిలేది ఎక్కువుంటే మాత్రం ఆ పూట వంటనో వడ్డననో సరిచేసుకోవాలి. వండిన అన్నాన్ని ఎరువు చేయడం గొప్పేమీ కాదు.

పని మొదలవ్వాల్సింది చేతులు కడిగే చోట. మిగిలింది గీకి వేయడానికి రెండు డ్రమ్ములు ఒకదాంట్లో ఒకటి పెట్టాలి, లోపలిదానికి అడుగున రంధ్రాలుండాలి. సాంబారు, మజ్జిగ కిందికి దిగిపోతే మిగిలిన ముద్దతో పని తేలిక. ఉత్త అన్నం కుప్ప వేస్తే ముద్దకట్టి గాలి ఆడదు, రెండు రోజుల్లో పులిసి కంపు కొడుతుంది. బకెట్ ముద్దకు రెండు మూడు బకెట్ల ఎండాకు కలపాలి. కర్బనం 25–30 పాళ్లకు నత్రజని ఒక పాలు ఉండాలన్న లెక్కకు అది దగ్గరగా వస్తుంది. మన దగ్గర వేప, కానుగ ఆకు ఎండాకాలం ముందు విపరీతంగా రాలుతుంది. అప్పుడే ఊడ్చి కాల్చేస్తారు, వానాకాలంలో ఆకు దొరకదు. కాల్చకుండా గోనె సంచుల్లో నింపి షెడ్డులో పెడితే ఏడాదికి సరిపడా పొడి సరుకు ఉన్నట్టే. తక్కువైతే పాలమూరు వైపు వేరుశనగ పొట్టు, మిర్యాలగూడ మిల్లుల ఊక ఉన్నాయి. రెండూ గాలి ఆడనిస్తాయి కానీ తొందరగా కుళ్లవు, కొద్దిగానే వాడాలి.

కుప్ప మీటరు ఎత్తు, మీటరున్నర వెడల్పు ఉండాలి. అంతకన్నా చిన్నదైతే వేడి నిలవదు. పిడికెడు తీసి పిండితే ఒకటి రెండు చుక్కలు రాలాలి. ధారగా కారితే ఆకు కలపండి, పొడిపొడిగా ఉంటే నీళ్లు చల్లండి. నాలుగైదు రోజుల్లో లోపల 55–65 డిగ్రీలు రావాలి. ఇనుప కడ్డీ గుచ్చి పది నిమిషాలాగి తీస్తే పట్టుకోలేనంత కాలాలి. వారానికోసారి తిరగేస్తే సుమారు రెండు నెలలకు సిద్ధమవుతుంది, ఆపైన రెండు మూడు వారాలు మాగనివ్వాలి. మే నెలలో మోసపోయేది ఇక్కడే: నల్లగొండ ఎండకు కుప్ప ఎండిపోయి చల్లబడుతుంది, చూస్తే ఎరువు అయిపోయినట్టే ఉంటుంది. నీళ్లు తగలగానే మళ్లీ వేడెక్కి కంపు కొడుతుంది. పైన తాటాకో షేడ్ నెట్టో కప్పి సాయంత్రం తడపాలి. ఆర్వో ప్లాంటు వదిలేసిన నీళ్లు మాత్రం పోయొద్దు, అందులో ఉప్పులు, ఫ్లోరైడు చిక్కబడి ఉంటాయి. బత్తాయి తొక్కలు ముక్కలు చేసి కుప్ప మధ్యలో వేయాలి. వానపాముల తొట్టికి అవి పడవు. ఆదివారం కోడి బొక్కలు పైన వదిలితే ఊరి కుక్కలన్నీ అక్కడే. మోదుగ విస్తర్లు చింపి వేస్తే చక్కగా కుళ్లుతాయి. ఆకు బొమ్మ అచ్చేసిన బఫే ప్లేట్లు కుళ్లవు, వాటి మీద చాలావరకు ప్లాస్టిక్ పొర ఉంటుంది.

తడి పక్కకు పోయిందా, మిగిలిందంతా దాదాపు డబ్బే. అన్నింటికన్నా మంచి సరుకు పరీక్షల విభాగంలోది. గడువు తీరిన జవాబు పత్రాలు శుభ్రంగా, ఒకే రకం కాగితంగా ఉంటాయి. గోప్యత కోసం ముక్కలు చేస్తే కాగితంలోని నార పొట్టిదై ధర తగ్గుతుంది. అధికారి ఎదుటే మిల్లులో గుజ్జు చేయించడం మేలు. స్టేపుల్ పిన్నులకు భయం లేదు, మిల్లులో వాటిని తీసేస్తారు. స్పైరల్ బైండింగ్, ప్లాస్టిక్ అట్టలు మాత్రం ముందే ఊడదీయాలి. టీ కాగితం కప్పును కాగితంలో వేయకండి, లోపల పాలిథిన్ పూత ఉంటుంది. క్యాంటీన్‌లో గాజు గ్లాసులు, వాటిని కడిగే మనిషి ఉంటే ఆ గొడవే లేదు.

నీళ్ల బాటిళ్లు, అంటే అడుగున 1 అంకె ఉన్నవి, ఖాళీ చేసి నలిపితే అమ్ముడుపోతాయి. 2, 5 అంకెలవీ పోతాయి. నల్ల బిర్యానీ డబ్బా మీద 5 ఉన్నా నూనె వల్ల, ఆ నల్లరంగు వల్ల ఎవరూ తీసుకోరు. చిప్స్ ప్యాకెట్లు ఎన్నో పొరలవి, వాటికీ బేరం లేదు. ప్లాస్టిక్ పళ్లేలు, కప్పులు, చెంచాలు, స్ట్రాలు 2022 జులై 1 నుంచి నిషేధం. క్యాంటీన్ టెండరులో ఆ మాట రాసి, జరిమానా కూడా రాయాలి. అసలు బాటిళ్లు తగ్గాలంటే ఫ్లోరైడు గోస చూసిన నల్లగొండలో కుళాయి పెట్టి ఊరుకుంటే సరిపోదు. లీటరుకు 1 మిల్లీగ్రాము లోపు ఉందన్న పరీక్ష కాగితం, తేదీతో సహా, కుళాయి పక్కనే అతికించాలి.

ల్యాబు గాజును మామూలు సీసాలతో కలపొద్దు. అది బోరోసిలికేట్ అనే రకం, ఎక్కువ వేడికి గానీ కరగదు, కొలిమిలో గడ్డగా మిగిలి సీసాల బ్యాచిని చెడగొడుతుంది. ట్యూబ్‌లైట్లలో పాదరసం ఉంటుంది కాబట్టి పగలకుండా వాటి అట్ట డబ్బాల్లోనే నిలబెట్టాలి. పాత కంప్యూటర్లు ఏళ్ల తరబడి గదిలో మూలుగుతున్నాయంటే చాలాసార్లు స్టాక్ రిజిస్టరులోంచి కొట్టేయకపోవడమే కారణం. ముందు ఆ ఫైలు కదలాలి, హార్డ్ డిస్కులు చెరపాలి, తర్వాత అనుమతి ఉన్న ఈ-వేస్ట్ సంస్థకే ఇవ్వాలి.

యాభై కిలోల కోసం స్క్రాప్ బండి రాదు. వనపర్తి, గద్వాల, కొల్లాపూర్‌లలో ఉన్న పాలమూరు విశ్వవిద్యాలయం పీజీ సెంటర్లలాంటి చోట్ల సరుకు ఒక దగ్గర చేర్చి నెలకోసారి పిలవాలి. తూకం మన కాంటా మీద వేసి చీటీ రాయించాలి. ఆ డబ్బు సాధారణ ఖాతాలో కలిసిపోతే వేరుచేసే పని నీరసిస్తుంది. వేరు చేసే సఫాయి కార్మికులకే అది పంచాలని, గ్లవ్స్, బూట్లు కాంట్రాక్టరే ఇవ్వాలని ఒప్పందంలో రాసుకోవాలి.