చిన్న మట్టికట్టకు ప్రమాద వర్గం తేల్చడం: నా అనుభవం

ప్రమాద వర్గం కట్ట ఎంత గట్టిదో చెప్పదు, తెగితే దిగువన ఎవరికి ఎంత నష్టమో చెబుతుంది. నిరుడు కట్టిన పటిష్ఠమైన కట్టయినా సరే, కింద ఇళ్లుంటే అధిక ప్రమాద వర్గంలోకే వస్తుంది. ఈ పని మొదలుపెట్టే యజమానులకు నేను ముందుగా చెప్పేది ఇదే. "మా కట్టకు ఒక్క చెమ్మ కూడా లేదు" అని దరఖాస్తులో రాసినందువల్ల వర్గం మారదు.

కట్ట ఎత్తును దిగువ పాదం దగ్గర వాగు మట్టం నుంచి కొలవాలి. నీటి వైపు నుంచి కొలిస్తే పూడిక మందం మేరకు తక్కువ వస్తుంది. మేం చూసిన కట్టలో నిండు మట్టానికి నీటి లోతు 7 మీటర్లు, నీరు పరుచుకునే విస్తీర్ణం 7 హెక్టార్లు. అంచుల్లో నీరు పలచబడుతుంది కాబట్టి విస్తీర్ణాన్ని లోతుతోనూ 0.4తోనూ గుణించాం. నిల్వ సుమారు 1,96,000 ఘనపు మీటర్లని తేలింది.

గండి పడితే ఎంత నీరు దూకుతుందో తేల్చడానికి ఫ్రోలిక్ అనే ఇంజినీరు 1995లో ఇచ్చిన సూత్రం వాడాం. నిల్వను 0.295 ఘాతానికి, గండి అడుగు నుంచి నీటి లోతును 1.24 ఘాతానికి పెంచి, ఆ రెంటి లబ్ధాన్ని 0.607తో గుణించాలి. మాకు సెకనుకు 250 ఘనపు మీటర్లకు దగ్గరగా వచ్చింది. ఆ ఘాతాలను కాస్త గమనించండి. లోతు రెట్టింపైతే ప్రవాహం 2.36 రెట్లవుతుంది, నిల్వ రెట్టింపైతే 1.23 రెట్లే. అందుకే "చెరువు సగం పూడింది, ఇక భయమేముంది" అనే మాట నిలవదు. లోతు అంతే ఉండి నిల్వ సగానికి పడిపోయినా, ప్రవాహం అయిదో వంతు కూడా తగ్గదు.

ఈ లెక్క రెండు పరిస్థితులకు చేయాలి: వాన లేని రోజు తెగడం, వరదలో నీరు కట్ట మీదుగా పొర్లి తెగడం. రెండోదాంట్లో నీరు అలుగు మట్టం దాటి కట్ట తలదాకా ఉంటుంది, వాగులో అప్పటికే వరద పారుతుంటుంది. అయితే దాన్ని ఒంటరిగా చూడకూడదు. కట్ట తెగకపోయినా ఆ వరదకు ఎలాగూ మునిగే ఇల్లేది, తెగినందువల్లే మునిగేదేది అని విడదీయాలి.

అసలు శ్రమంతా దిగువనే. గండి నీరు మామూలు వరద మట్టానికి తగ్గేదాకా వాగు వెంట నడిచి, ప్రతి ఇంటి గచ్చు మట్టం లెవెల్ యంత్రంతో తీసుకోవాలి. దస్త్రాలు వెనక్కి వచ్చేది ఎక్కువగా ఇక్కడే. ఇళ్ల సంఖ్య ఉంటుంది, గచ్చు మట్టాలుండవు. కాపలావాళ్లు రాత్రిళ్లు పడుకునే పాకలు అసలు లెక్కలోకే రావు. చిన్న కల్వర్టులు చెత్తతో మూసుకుపోతాయనే అనుకుని లెక్క కట్టాలి, అప్పుడు వెనక్కి తన్నిన నీరు ఎక్కడికి చేరుతుందో తెలుస్తుంది. లోతును వేగంతో గుణిస్తే 0.4 చదరపు మీటర్లు/సెకను దాటినచోట చిన్నపిల్లలు నిలదొక్కుకోలేరు.

ప్రాణనష్టం జరగొచ్చని తేలితే అధిక వర్గం. అప్పుడు భారం అలుగు మీద పడుతుంది. అమెరికా అత్యవసర నిర్వహణ సంస్థ ఫెమా మార్గదర్శకాల్లో అల్ప వర్గం అలుగుకు వందేళ్ల వరదను (సగటున వందేళ్లకోసారి వచ్చేంతది) తట్టుకుంటే చాలు, మధ్య వర్గానికి వెయ్యేళ్లది, అధిక వర్గానికి సంభవించగల గరిష్ఠ వరద. వందేళ్ల వరదకు కట్టిన అలుగు ఒక్కసారిగా చాలకుండా పోతుంది. అలుగు వెడల్పు చేయడం ఖర్చు అనిపిస్తే, పూర్తి నిల్వ మట్టాన్ని శాశ్వతంగా దించే దారి కూడా ఉంది. ఏది ఎంచుకున్నా, ఎక్కువ నీరు నిలపడానికి అలుగు మీద అడ్డుపలకలు పెట్టే అలవాటు మాత్రం ఆ రోజే మానాలి. దిగువన కొత్త ఇల్లు లేచిన ప్రతిసారీ వర్గం మళ్లీ చూడాలి.