ట్యాంకు నిండింది, కబురు మాత్రం రాలేదు

మూడు రాత్రులు పోయాక తప్పు దొరికింది. దిద్దడానికి పట్టింది నాలుగు లైన్లు. నవ్వాలో ఏడవాలో తెలియని పరిస్థితి.

మధ్యలో వచ్చినవాళ్లకి ఒక ముక్క: డాబా మీద ట్యాంకు, కింద సంపు, మధ్యలో మోటారు. ఈ మూడింటినీ పైథాన్ అనే ప్రోగ్రామింగ్ భాషలో క్లాసులుగా (ఆబ్జెక్టులకి అచ్చులుగా) రాసి రాస్ప్‌బెర్రీ పై అనే చిన్న కంప్యూటర్ మీద నడుపుతున్నాను (పైథాన్ 3.11). మెథడ్ల (అంటే ఆ ఆబ్జెక్టులు చేసే పనుల) పేర్లు తెలుగులోనే: ట్యాంకు.నిండింది, మోటారు.కట్టేయి. పైథాన్ 3 దీనికి ఒప్పుకుంటుంది. కాకపోతే పొల్లు తర్వాత ఇంకో హల్లు కలిసిపోకుండా మన కీబోర్డు ఇరికించే కనబడని అక్షరం ఉంది చూశారూ, దాన్ని చూస్తే సింటాక్స్ ఎర్రర్ ఇస్తుంది. అందుకే అలాంటి చోట అండర్‌స్కోర్ పెట్టేస్తున్నాను.

పోయినసారి మొదలెట్టిన మెథడ్ బ్రౌజర్ పూర్తయింది. ఏ ఆబ్జెక్టు ఇచ్చినా దాని మెథడ్లు ఫోన్‌లో బటన్లుగా వస్తున్నాయి.

ఇక గోల సంగతి. ట్యాంకు నిండగానే మోటారుకీ, అలారానికీ, ఫోన్ ప్యానెల్‌కీ కబురు అందాలి. ఒక చిన్న ఈవెంట్ బస్ రాశాను: వినాలనుకున్నవాడు తన మెథడ్‌ని ఇచ్చి చేరతాడు. ప్యానెల్ మూసేశాక దాని ఆబ్జెక్టు మెమరీలో వేలాడకూడదని, చేరినవాళ్లని వీక్‌సెట్‌లో (లోపలివాటిని గుర్తుపెట్టుకుంటుందే తప్ప బతికించి ఉంచని సెట్) పెట్టాను. తెలివైన పని చేశానని అప్పట్లో మురిసిపోయాను కూడా.

మర్నాడు పొద్దున్నే కింది వాటా ఆవిడ తలుపు కొట్టారు. "బాబూ, మోటారు కట్టేయండి, నీళ్లు మా కిటికీలోకి కొడుతున్నాయి." లాగ్ చూస్తే సెన్సార్ సరిగ్గానే చెప్పింది. ఈవెంట్ వెళ్లింది. వినేవాడు ఒక్కడూ లేడు. ట్రేస్‌బ్యాక్ లేదు, వార్నింగ్ లేదు. ముగ్గురు చేరారు, ఎందరున్నారని లెన్ అడిగితే సున్నా.

టెస్టులన్నీ పాసై పచ్చగా ఉన్నాయి, అదే ఒళ్లు మండించింది.

మొదట థ్రెడ్ల మీద అనుమానపడ్డాను. సెన్సార్ కాల్‌బ్యాక్ వేరే థ్రెడ్‌లో వస్తుంది కదా అని మధ్యలో క్యూ పెట్టాను. సున్నాయే. తర్వాత వాడని ఆబ్జెక్టుల్ని మెమరీలోంచి తీసేసే చెత్త ఎత్తేవాడి (జీసీ) మీద పడ్డాను, దాన్ని డిసేబుల్ చేశాను. సున్నాయే. మోటారు ఆబ్జెక్టే చచ్చిపోతోందేమోనని దానికి చావుకబురు చెప్పే వీక్‌రెఫ్ ఫైనలైజ్ తగిలించి చూశాను. అది నిక్షేపంగా బతికే ఉంది.

రెండో రాత్రంతా తినేసింది మాత్రం ఐడీ, అంటే ఆబ్జెక్టు మెమరీలో ఉన్న చోటు నంబరు. మోటారు.కట్టేయి ఐడీని మూడుసార్లు ప్రింట్ చేస్తే మూడుసార్లూ ఒకటే నంబరు. అంటే మెథడ్ ఆబ్జెక్టు ఒకటే, అది కదలడం లేదు అని తీర్మానించుకుని ఆ వైపు చూడటమే మానేశాను. మూడో రాత్రి వేరే పని మీద దాన్ని రెండు వేరియబుల్స్‌లో దాచి పోల్చాను. ఈక్వల్ (సమానమా) అంటే ట్రూ, ఈజ్ (అదే ఆబ్జెక్టా) అంటే ఫాల్స్! వెయ్యిసార్లు తీసి లిస్టులో పోస్తే వెయ్యి వేర్వేరు ఐడీలు. లిస్టులో పెట్టకుండా వట్టి ఐడీలే ఏరితే ఒక్కటే.

జరిగేది ఇదీ. క్లాసులో ఉన్నది మామూలు ఫంక్షన్. ఆబ్జెక్టు పక్కన చుక్క పెట్టి అడిగిన ప్రతిసారీ దాని డండర్ గెట్ (పేరుకి రెండు వైపులా రెండేసి అండర్‌స్కోర్లున్న గెట్) నడిచి, అప్పటికప్పుడు ఒక బౌండ్ మెథడ్ (ఆబ్జెక్టుకి కట్టేసిన ఫంక్షన్) పుడుతుంది. గెట్‌సైజాఫ్ అడిగితే 64 బైట్లు. లోపల ముఖ్యంగా ఉండేవి రెండు: డండర్ సెల్ఫ్‌లో మోటారు, డండర్ ఫంక్‌లో ఆ ఫంక్షన్. ఎవరూ పట్టుకోకపోతే రెఫరెన్స్ కౌంట్ (పట్టుకున్నవాళ్ల లెక్క) సున్నాకొచ్చి అక్కడికక్కడే పోతుంది, అందుకే జీసీని ఆపినా తేడా లేకపోయింది. ఖాళీ అయిన అదే చోట తర్వాతిది పుడుతుంది కాబట్టి ఐడీ కూడా అదే. ఒకే గదిలో రోజుకో అద్దెమనిషి దిగుతుంటే, తలుపు మీది నంబరు చూసి మనిషి ఒకడే అనుకున్నాను.

వీక్‌సెట్‌లో నేను పెట్టిన మూడూ, పెట్టిన లైను దాటకముందే చచ్చాయి. టెస్టుల్లో వాడినవి మాడ్యూల్ స్థాయి ఫంక్షన్లు, వాటిని మాడ్యూలే పట్టుకుని ఉంటుంది. అందుకే ఆ పచ్చదనం.

మందు వీక్‌మెథడ్, పైథాన్ 3.4 నుంచీ ఉంది. ఆబ్జెక్టునీ ఫంక్షన్‌నీ విడివిడిగా వీక్‌గా గుర్తుపెట్టుకుని, అడిగినప్పుడు మళ్లీ కలిపి ఇస్తుంది. దాన్ని పాత అలవాటు కొద్దీ మళ్లీ వీక్‌సెట్‌లోనే పడేశాను. ఈసారి "అన్‌హ్యాషబుల్ టైప్" అని అరిచింది. నా మోటారు డేటాక్లాస్ మరి, అలాంటివాటికి మామూలుగా హ్యాష్ (సెట్‌లో వెతకడానికి వాడే నంబరు) ఉండదు. బౌండ్ మెథడ్ హ్యాష్ 3.8 నుంచీ ఆబ్జెక్టు ఐడెంటిటీ మీద నడుస్తుంది, అందుకే ముందు నోరెత్తలేదు. వీక్‌మెథడ్ నేరుగా ఆబ్జెక్టు హ్యాష్‌నే అడుగుతుంది. డేటాక్లాస్‌కి ఈక్యూ ఫాల్స్ అని పెడితే అరుపు ఆగింది, కానీ మళ్లీ సున్నా. వీక్‌మెథడ్‌ని పట్టుకునేదెవరు? మామూలు సెట్‌కి మారిస్తే మూడుకి మూడు. వట్టి ఫంక్షన్ ఇస్తే వీక్‌మెథడ్ టైప్‌ఎర్రర్ కొడుతుంది కాబట్టి ముందు ఈజ్‌మెథడ్ అడుగుతున్నాను. కిటికీ పొడిగా ఉంది.

నా మటుకు నాకు ఈ విషయంలో ఫారో స్మాల్‌టాక్ భాష పద్ధతే ముద్దు. అక్కడ మెథడ్ అంటే క్లాసు తాలూకు మెథడ్ డిక్షనరీలో కూర్చున్న ఒక కంపైల్డ్‌మెథడ్, ఎన్నిసార్లు అడిగినా అదే చేతికొస్తుంది. జావాలో గెట్‌మెథడ్ కూడా ప్రతిసారీ కొత్త కాపీయే ఇస్తుంది, పైగా దానికి ఆబ్జెక్టు తెలియదు, ఇన్వోక్ చేసేటప్పుడు మనమే అందించాలి. చిరాకే, కానీ ఆబ్జెక్టుని విడిగా గుర్తుపెట్టుకోవాల్సి వచ్చేది కాబట్టి నేను ఈ గోతిలో పడేవాణ్ణి కాదేమో. పైథాన్‌ది మధ్యస్థం: 3.7 నుంచీ నేరుగా పిలిస్తే చాలావరకు ఆ బౌండ్ మెథడ్‌ని పుట్టించనే పుట్టించదు, పట్టుకుని చూడబోతేనే పుడుతుంది.

మెథడ్ బ్రౌజర్‌లో ఇంకో కంత ఉంది. మెథడ్లని ఏరిచ్చే గెట్‌మెంబర్స్‌కి ఆబ్జెక్టుని ఇస్తే ప్రతి పేరునీ గెట్‌ఆట్ర్‌తో తడుముతుంది, దాంతో ప్రాపర్టీలూ (చూడ్డానికి విలువలా ఉండి లోపల కోడ్ నడిపేవి) నడిచిపోతాయి. నా నీటి_మట్టం ప్రాపర్టీ సెన్సార్‌ని ఐదుసార్లు చదివి సగటు తీస్తుంది. పేజీ తెరిచినప్పుడల్లా రెండు సెకన్లు ఎందుకు ఆగుతోందో అప్పుడర్థమైంది. 3.11లో వచ్చిన గెట్‌మెంబర్స్ స్టాటిక్ వాడదామంటే, అది బౌండ్ మెథడ్లు ఇవ్వదు, లోపలి ఫంక్షన్లే ఇస్తుంది. పేర్లు దాంతో ఏరి, బటన్ నొక్కినప్పుడే గెట్‌ఆట్ర్ చేద్దామని ఉంది. అక్షర క్రమం కూడా పోవాలి, 'ఆపు' బటన్ 'మొదలెట్టు' కంటే పైన ఉంటే మా అమ్మ అదే నొక్కుతోంది. క్లాస్ డిక్షనరీ నేను రాసిన వరసలోనే ఉంటుంది కాబట్టి వార్స్‌తో తిరగొచ్చు, తల్లి క్లాసుల్లోవి మాత్రం విడిగా ఏరుకోవాలి.

ఆదివారం ఖాళీ దొరికితే ప్రతి మెథడ్‌కీ ఒక తొడుగు వేసి, రోజుకి ఎన్నిసార్లు పిలిచారో లెక్కపెట్టాలి. అసలు మెథడ్ పేరుని తొడుగుకి అంటించే ర్యాప్స్ మరిచిపోతే బటన్లన్నిటి మీదా ఒకే పేరు వస్తుంది, ఆ దెబ్బ ఇదివరకే తిన్నాను. సంపు డేటాక్లాస్‌కి ఇంకా ఈక్యూ ఫాల్స్ పెట్టలేదు, ముందు దాన్ని మార్చాలి.